రాకాసుల కార్ఖానా

రాక్షసుణ్ణి వర్ణించడం చాలా తేలికైన పని అని లోకంలో ఒక అపోహ స్థిరపడిపోయింది. రెండు కోరలు, ఎర్రని కళ్ళు, జడలు కట్టిన జుట్టు, ముందొక ‘భయంకరమైన’, వెనకొక వికటాట్టహాసం. ఇంతటితో వర్ణన ముగిసిందని రచయితలు చేతులు దులుపుకుంటున్నారు. ఇది వర్ణన కాదు, సోమరితనం అని నా వాదం. ఈ సోమరితనం మన తెలుగువారి సొత్తు మాత్రమే కాదు. అమెరికాలో అచ్చై, అందమైన అట్టలతో మన ఇళ్ళలోకి వచ్చి, మన పిల్లల చేత గంటల తరబడి కథలు చెప్పిస్తున్న ఒకానొక ఆటపుస్తకాలలోనూ ఇదే జాడ్యం కనబడింది. అందుకే ఈ టపా. కొంచెం పొడుగైనది. ఓపిక ఉన్నవారే చదవండి.

ముందు ఆ ఆట సంగతి తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో మూడు చిన్న పుస్తకాలుగా వెలువరించారు. బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలను నిలబెట్టి యుద్ధాలు ఆడే వినోదంలోంచి అది పుట్టింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు సూత్రధారి. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. సూత్రధారి తాము ఎక్కడ ఉన్నారో, ఎదుట ఏమున్నదో చెబుతాడు. వీరు తాము చేసేదేమిటో చెబుతారు. ఫలితం సందేహమైనచోట పాచిక వేస్తారు. వేషం లేదు, రంగస్థలం లేదు. ఉన్నదంతా మాట ఒక్కటే. అవధానం తరువాత మాట మీద ఇంత భారం వేసిన వినోదాన్ని నేను మరొకటి చూడలేదు.

సూత్రధారి ప్రతిసారీ కథ అల్లుకోలేడు గనుక అల్లిన కథలను పుస్తకాలుగా అమ్ముతారు. గుహ పటం, గదుల వరుస, ఏ గదిలో ఏ వికృతజీవి ఉన్నదీ అన్నీ అందులో ఉంటాయి. 1980ల నుండి ఈ పుస్తకాలలో ఒక ఆచారం బలపడింది. ఆటగాళ్ళకు బిగ్గరగా చదివి వినిపించవలసిన భాగాన్ని గీతల పెట్టెలో వేరుగా అచ్చువేస్తారు. పెట్టె బయట ఉన్నది సూత్రధారి కోసం. పెట్టెలోనిది శ్రోతల కోసం. ఆ జీవి ప్రాణబలమెంత, కవచబలమెంత అనే అంకెల పట్టిక మరొకటి.

మా మనవడూ అతని స్నేహితులూ సెలవుల్లో మా ఇంట చేరి ఈ ఆట ఆడుతుంటారు. “తాతయ్యా, ఈ పెట్టెల్లో ఉన్నది తెలుగులో చదివి పెట్టండి, మీ గొంతులో అయితే బాగుంటుంది” అని ఆ పుస్తకాలు నా చేతికిచ్చారు. ఆ విధంగా ఈ వాఙ్మయంతో నాకు పరిచయం కలిగింది. నేనుండేది కార్ఖానాలో. పేరులోనే పనిశాల ఉన్న పేట. ఈ పుస్తకాలు చదువుతుంటే ఇవన్నీ ఒకే కార్ఖానాలో, ఒకే అచ్చులో పోసి తీసిన రాకాసులని అనిపించింది.

ఆ అచ్చు ఎటువంటిదో చూపడానికి ఒక నమూనా నేనే కూర్చి ఇస్తున్నాను. ఇది ఏ పుస్తకంలోనిదీ కాదు. అన్ని పుస్తకాల పోలికా ఇందులో ఉంది.

“మీరు తలుపు తెరవగానే ఎదురుగా భయంకరమైన గుహారాక్షసుడు నిలబడి ఉన్నాడు. పన్నెండు అడుగుల ఎత్తు. ఎర్రని కళ్ళు, పొడవాటి కోరలు, పదునైన గోళ్ళు. వాడిని చూడగానే మీ గుండెలు జారిపోతాయి. వాడు వికటాట్టహాసం చేసి మీ మీదికి దూకుతాడు.”

ఇందులో దోషాలు ఎన్ని? నేను నాలుగు లెక్కపెట్టాను.

మొదటిది, పేరు ముందే చెప్పడం. 1977లో ఈ ఆటకు మాన్‌స్టర్ మాన్యువల్ అనే గ్రంథం వచ్చింది. వికృతజీవులన్నిటినీ అకారాది క్రమంలో, అంకెలతో, బొమ్మలతో సహా పేర్చిన నిఘంటువు అది. ఆటగాళ్ళలో చురుకైనవాళ్ళు దాన్ని అమరకోశంలాగా వల్లెవేశారు. ఇక సూత్రధారి పేరు ఉచ్చరించిన మరుక్షణం వాళ్ళకు దాని ప్రాణబలం, దాని బలహీనత అన్నీ గుర్తుకొస్తాయి. భయం పోయి లెక్క మిగులుతుంది. పేరుకు ఉన్న శక్తి మన పల్లెటూరివాళ్ళకు తెలుసు. రాత్రిపూట పాము అనరు, పురుగు అంటారు. మశూచికాన్ని మశూచికమనక అమ్మవారు అన్నారు. పేరు పలికితే వస్తుందని వాళ్ళ భయం. కథకుడి భయం వేరు. పేరు పలికితే అది వెళ్ళిపోతుంది!

రెండవది ‘భయంకరమైన’ అనే విశేషణం. దీనిని గురించి మన ఆలంకారికులు వెయ్యేళ్ళ కిందటే తీర్పు చెప్పారు. పదకొండవ శతాబ్దివాడైన మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలను పేర్కొంటూ స్వశబ్దవాచ్యత్వాన్ని ఆదిలోనే చెప్పాడు. రసాన్ని గాని, స్థాయిని గాని దాని పేరుతోనే చెప్పివేయడం దోషం. శృంగారం అని చెబితే శృంగారం కలగదు. భయంకరం అని చెబితే భయం కలగదు. భయానకానికి కారణాలు వేరే ఉన్నాయి. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయం చూడండి. వికృతమైన ధ్వనులు, నక్కల కూతలు, గుడ్లగూబల అరుపులు, పాడుబడిన ఇల్లు, అడవి. భరతుడు చెప్పినవన్నీ చెవికి వినబడేవి, కంటికి కనబడేవి. ఒక్కటీ విశేషణం కాదు. భాషాప్రవీణ చదివేటప్పుడు కంఠస్థం చేసినవాళ్ళు కూడా కలం పట్టగానే ఇది మరచిపోతారు. ‘వర్ణనాతీతమైన ఆకారం’ అని రాసేవారు మరీ ఘనులు. వర్ణనాతీతమైతే వర్ణనకు పూనుకోవడం దేనికి?

మూడవది, శ్రోత గుండె సంగతి రచయితే చెప్పడం. కథలో హీరో గుండె జారిందని రాయవచ్చు. అతడు రచయిత సృష్టి. ఈ ఆటలో హీరో బల్లకు అవతల కూర్చుని జంతికలు తింటున్న పద్నాలుగేళ్ళ పిల్లవాడు. ‘నీ గుండె జారింది’ అని చదవగానే వాడు ‘నాదేం జారలేదు’ అంటాడు. వాడి మాటే నిజం. వాడి పాత్ర వాడిది. భయపెట్టే హక్కు మనకున్నది గాని, భయపడినట్టు వాడి తరఫున సంతకం పెట్టే హక్కు లేదు.

నాలుగవది, కొలత. పన్నెండు అడుగులని ఎవరు కొలిచారు? తలుపు తీసిన క్షణంలో టేపు పట్టుకున్నదెవరు? వాడు గది కప్పుకు తల తగలకుండా మెడ వంచి నిలబడ్డాడంటే ఎత్తు దానంతటదే తెలుస్తుంది. పైగా గది ఇరుకనీ, వాడు ఇక్కడ సుఖంగా లేడనీ కూడా తెలుస్తుంది.

ఈ దోషాలన్నిటి వెనక ఒకే అజ్ఞానం ఉంది. వింటున్నది ఎవరో రచయిత మరచిపోయాడు. పురాణం వినేవాడు ప్రేక్షకుడు. ఈ ఆటలో వినేవాడు కథలోపల ఉన్నాడు. ఈ భేదాన్ని సుందరకాండలో సింహిక ఘట్టంతో చెబుతాను. సముద్రం మీద ఎగిరిపోతున్న హనుమంతుణ్ణి సింహిక నీడ పట్టి లాగుతుంది. అది సింహిక అనే రాక్షసి అని కవి మనకు ముందే చెప్పాడు. హనుమంతుడికి చెప్పలేదు. అతనికి మొదట తెలిసినది తన వేగం తగ్గడం. ఎదురుగాలికి చిక్కిన ఓడ మాదిరిగా ఉన్నాననుకున్నాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు, పక్కలకు చూశాడు. నీటిలోంచి లేచిన ఆకారం అప్పుడు కనబడింది. సుగ్రీవుడు చెప్పిన నీడపట్టే జీవి ఇదేనని ఆ తరువాత గుర్తుపట్టాడు. మొదట అనుభవం, పిమ్మట దర్శనం, కడపట గుర్తింపు. ఆటలో సూత్రధారి ఎదుట కూర్చున్నవారందరూ హనుమంతులే. వాళ్ళకు కవి మనతో చెప్పింది చెప్పకూడదు, హనుమంతుడికి తెలిసింది తెలిసిన వరుసలో చెప్పాలి. ఇదే నా సిద్ధాంతం. మిగిలినదంతా దీనికి వ్యాఖ్యానం.

ఇప్పుడు అసలు కోపం తెప్పించిన సంగతి. ఆ 1977 నాటి నిఘంటువులో మన రాక్షసుడు కూడా ఉన్నాడు. పేరు కూడా ‘రాక్షస’ అనే ఉంది. బొమ్మ చూస్తే పులి తల, మనిషి ఒళ్ళు, మీద దొరలు ఇంట్లో వేసుకునే పొడుగు అంగీ, చేతిలో పొగగొట్టం! ఈ పులితల ఎక్కడిది? రామాయణ భారతాలలో రాక్షసజాతికి ఇదీ ముఖమని నియమం లేదు. వాళ్ళు కామరూపులు, కోరిన రూపం ధరించేవారు. హనుమంతుడు రాత్రి లంకలో తిరిగినప్పుడు వికృతరూపులనూ చూశాడు, చక్కనివాళ్ళనూ చూశాడు. తెల్లవారుజామున వేదఘోషను కూడా విన్నాడు.

విచిత్రమేమిటంటే, ఆ పుస్తకం రాసినవాడికి విషయం సగం తెలుసు. 1974 డిసెంబరులో అమెరికా టెలివిజన్‌లో కోల్‌చాక్: ద నైట్ స్టాకర్ అనే ధారావాహికలో ఒక భాగం ప్రసారమైంది. అందులో రాక్షసుడు ఎదుటివాడు ఎవరిని బాగా నమ్ముతాడో వారి రూపంలో ఎదురువస్తాడు. మంత్రించిన బాణంతో తప్ప చావడు. గైగాక్స్ ఆ కథ నుండే తన రాక్షసుణ్ణి తీసుకున్నాడు. ఆప్తుడిలా కనబడే మాయ, మంత్రించిన బాణం రెండూ ఆటలోకి వచ్చాయి. మనకిది కొత్తా? యతివేషంలో పర్ణశాల ముంగిట నిలిచిన రావణుడెవరు? రాముడి గొంతుతో ‘హా లక్ష్మణా’ అని కేక వేసిన మారీచుడెవరు? ఎక్కడో అమెరికాలో రాసినవాడికి మన రాక్షసుడి ప్రాణం ఎక్కడ ఉన్నదో దొరికింది. అంతలోనే బొమ్మలో పులితల అంటించి ఆ ప్రాణం తీశారు. 2014లో వచ్చిన అయిదవ కూర్పు దాకా ఆ తల వదలలేదు. అరచేతులు వెనక్కి తిరిగి ఉంటాయని మరొక అలంకారం కూడా చేర్చారు. ఇక సాహసకథల రచయితలు పెట్టెలో ఏమి రాస్తారు? ‘పులి తల ఉన్న ఆకారం మీ ఎదుట నిలిచింది’ అనే. నమ్మినవాడి ముఖంతో రావలసినవాణ్ణి పులి ముఖంతో తీసుకువస్తే అతడు జంతుప్రదర్శనశాలకు పనికివస్తాడు గాని పర్ణశాల ముంగిటికి పనికిరాడు.

దీనికి విరుగుడు మన దగ్గరే ఉంది. 1957 నాటి మాయాబజార్ చూడని తెలుగువాడు లేడు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత తెర మీద ఉన్నది సావిత్రి. కోరలు లేవు, గద లేదు. నడకలో ఒక విసురు, చూపులో ఒక గద్దింపు, అంతలో సర్దుకుని సిగ్గు నటించడం. ఇంటిల్లిపాదీ ఆమెలో రాక్షసుణ్ణి చూశారు. రూపం దాచి నడవడి చూపడమంటే అది.

ఇంకా చెబుతాను. ‘ఓ స్త్రీ రేపు రా’ అని మన ఊళ్ళలో తలుపుల మీద రాసుకున్న కాలం గుర్తున్నదా? రాత్రివేళ ఎవరో ఆడది వచ్చి తెలిసిన గొంతుతో పిలుస్తుందట, పలికితే చస్తారట. తలుపు మీద రాత చదువుకుని వెళ్ళిపోయి, మరునాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుంటుందట. ఆమె కళ్ళ రంగేమిటో ఎవరైనా చెప్పారా? కోరలున్నాయన్నారా? ఏమీ లేదు. ఒక గొంతు, ఒక నియమం, ఒక సుద్దముక్క. అంతటితో ఊరు ఊరంతా సాయంత్రం కాగానే తలుపులు వేసుకుంది. ఏ ఆటపుస్తకంలోని ఏ వర్ణనకూ ఇంత బలం లేదు. అది ఏం చేస్తుందో, ఎలా తప్పించుకోవచ్చునో చెప్పారు గాని ఎలా ఉంటుందో చెప్పలేదు. ఈ ఆట ఆడేవాళ్ళకు కావలసిందీ అదే. చేయడానికి ఏదో ఒకటి ఉండాలి.

బకాసురుడి కథనూ ఈ దృష్టితో చదవండి. ఏకచక్రపురంలో బ్రాహ్మడి ఇంట ఏడుపు వినబడుతుంది. ఆ రోజు వంతు ఆ ఇంటిది. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకువెళ్ళే మనిషి. అన్నీ వాడికి ఆహారం. నేను వెళతానని తండ్రి, నేనని తల్లి, నేనని కూతురు వాదులాడుకుంటుంటే, మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపరక చేతపట్టి దీనితో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. బకుడు అప్పటికి కథలో అడుగే పెట్టలేదు. అయినా ఆ గడ్డిపరక చూసిన తరువాత వాడి కోరల పొడుగు ఎవరికి కావాలి? భీముడు వెళ్ళి, వాడి ఎదుటే ఆ అన్నం తింటూ కూర్చుంటాడు. వాడు వచ్చి వీపు మీద గుద్దుతున్నా తిరిగి చూడడు. ఇద్దరి బలమూ ఒక్క ముద్దలో తెలిసింది.

మన ఇంటి దొంగలను వదిలి పొరుగువారిని తిట్టడం న్యాయం కాదు. ఇవాళ తెలుగులో జానపద కథలని రాస్తున్నవాటిలో, టీవీ పౌరాణికాలలో, పిల్లల పుస్తకాలలో ఈ అచ్చురాకాసులే ఉన్నాయి. చందమామ పెట్టిన భిక్ష తిని పెరిగిన తరం మనది. దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు, 1954లో మొదలైన తోకచుక్క లగాయతు కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, భల్లూక మాంత్రికుడు, ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. అక్కడ ఒక శ్రమవిభజన ఉండేది. కోరలూ కొమ్ములూ చిత్రాగారి బొమ్మ చూసుకునేది. మాట కథను పరుగెత్తించేది. బేతాళ కథలలో శంకర్‌గారి బొమ్మ శవం ఎలా ఉన్నదో చూపేది. మాట ఆ శవాన్ని విక్రమార్కుడి భుజాన మోయించేది. అందులో భయం కళ్ళలో లేదు, భుజం మీది బరువులో ఉంది. ఆ బరువు ప్రశ్నలు అడగడంలో ఉంది. వారిని అనుకరించేవారు బొమ్మ చేసిన పనిని మాటతో మళ్ళీ చేయిస్తున్నారు. మాట చేసిన పనిని విడిచిపెట్టారు. అభిమానమంటే ఇదా?

ఆ ఆటలోనూ ఈ మర్మం తెలిసినవారు లేకపోలేదు. 1978లో అచ్చైన టూంబ్ ఆఫ్ హారర్స్ అనే సాహసంతో గైగాక్స్ ఒక బొమ్మల పుస్తకం కూడా జతచేశాడు. సూత్రధారి వర్ణించడం మాని ఆటగాళ్ళకు బొమ్మ తిప్పి చూపుతాడు. చూసి అర్థం చేసుకునే బాధ్యత వారిది. మంచి మార్గం. దానిని విడిచి పెట్టెలు నింపే మార్గం పట్టారు.

ఇక పూర్వపక్షాలు.

‘ఇది ఆట. కావ్యమంత వర్ణనకు వ్యవధి ఎక్కడ?’ అంటారు. నేను పొడిగించమనడం లేదు, తగ్గించమంటున్నాను. విశేషణాలు తీసివేస్తే మిగిలేది మూడు వాక్యాలే. ఆ మూడింటిలో ఒకటి చెవికి, ఒకటి ముక్కుకో చర్మానికో, ఒకటి కంటికి ఇవ్వండి చాలు.

‘పేరు చెప్పకపోతే పిల్లలు తికమకపడతారు’ అంటారు. పడనివ్వండి. కబంధుణ్ణి చూసి రామలక్ష్మణులు తికమకపడలేదా? అడవి విరిగిపడుతున్నట్టు పెద్ద చప్పుడు. అదేమిటని వెతికితే తల లేని మొండెం, పొట్టలో నోరు, రొమ్ము మీద ఒకే కన్ను, ఆమడ పొడుగు చేతులు. ఆ తికమకలోనే కథ ఉంది.

‘పిల్లల ఆటకు అలంకారశాస్త్రం ఎందుకు పండితుడుగారూ’ అని ఒక మిత్రుడు ముఖం మీదే అడిగాడు. ఆయనకు నా జవాబు ఇది. ఈనాడు ఎన్ని ఇళ్ళలో రాత్రి అన్నాలయ్యాక కథ చెప్పేవారున్నారు? చెప్పినా వినేవారున్నారు? అటువంటి రోజుల్లో నలుగురు పిల్లలు సెల్‌ఫోన్లు పక్కన పెట్టి, ఒకడు చెబుతుంటే ముగ్గురు మూడు గంటలసేపు వింటున్నారు. నేను బడిలో ఉండగా ఒక్క పీరియడు అలా వినిపించగలిగితే పండగ చేసుకునేవాణ్ణి. విని ఊరుకోవడం లేదు, మధ్యలో ‘ఆ తలుపు ఏ చెక్కతో చేశారు?’, ‘వాసన ఎటునుంచి వస్తున్నది?’ అని అడుగుతున్నారు. ఇంత శ్రద్ధగా వినే చెవిలో మనం పోస్తున్నదేమిటి? ‘భయంకరమైన’, ‘వికృతమైన’. ఆ పిల్లవాడు రేపు తెలుగులో ఏదైనా రాస్తే ఈ రెండు మాటలతోనే రాస్తాడు. ఆ పాపం ఎవరిది?

ఇంకొక పెద్ద మాట ఉంది. వర్ణన ఎలా ఉంటే ఆట అలా నడుస్తుంది. కోరలూ గోళ్ళూ మాత్రమే వర్ణించారనుకోండి, ఎదుటివాడు చేయగలిగింది కత్తి దూయడం ఒక్కటే. కబంధుడి కథలో చేతులు నరికిన తరువాత మాటలు జరిగాయి. మీరెవరని వాడు అడిగాడు, నీవెవరని వీరు అడిగారు. తన శాపం సంగతి చెప్పుకున్నాడు. దహనం చేయించుకుని, సుగ్రీవుడి జాడ చెప్పి పోయాడు. ఆ మొండేన్ని చంపి మారు మాట్లాడకుండా ముందుకు సాగి ఉంటే కిష్కింధ లేదు, సేతువు లేదు, యుద్ధకాండ లేదు. వికృతజీవిని ఏమైనా అడగవచ్చునన్న ఆశ వర్ణనలోనే ఉండాలి. అందుకు దానికొక కోరిక ఉన్నట్టు తెలియాలి.

ఈ ఆటలో ప్రతి జాతికీ పుట్టుకతోనే మంచి చెడ్డల ముద్ర వేసి పెట్టారు. మన రాక్షసుడికీ దుష్టుడనే ముద్ర ఉంది. విభీషణుడు, ప్రహ్లాదుడు, బలి పుట్టిన వాఙ్మయం నుండి వచ్చిన పేరుకు ఆ గతి! రాక్షసులంటే ఎవరు, ఎవరిని చూసి ఆ పేరు పెట్టారు అని మన తెలుగు సాహిత్యంలోనే ఒక శతాబ్దంగా వాగ్యుద్ధం నడిచింది. త్రిపురనేని రామస్వామి చౌదరిగారి శంబూకవధ, రంగనాయకమ్మగారి రామాయణ విషవృక్షం చదివి కోపం తెచ్చుకున్నవారున్నారు, మెచ్చుకున్నవారున్నారు. ఏ పక్షం వహించినా, ఒక జాతి మొత్తాన్ని కోరలతో వర్ణించి చేతులు కడుక్కోవడం కుదరదని ఆ వాదం నేర్పింది. ఆ ఆట ప్రచురణకర్తలైన విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్‌వారికి ఈ సంగతి 2020 జూన్‌లో తోచింది. ఓర్కులు, డ్రౌ అనే జాతులను పుట్టుదుష్టులుగా గాక సంక్లిష్టమైన మనుగడ గల జనంగా చూపుతామని ప్రకటించారు. సంతోషమే. అయితే ముద్ర మార్చినంత మాత్రాన వర్ణన మారదు. ఓర్కు మంచివాడు కావచ్చునని వెనక పేజీలో రాసి, ముందు పేజీ పెట్టెలో పళ్ళు నూరిస్తే పిల్లవాడు కత్తే దూస్తాడు.

విమర్శించేవాడు చేసి చూపాలి అంటారు గనుక, పైన చెప్పిన గుహారాక్షసుణ్ణే నేను ఎలా రాస్తానో ఇక్కడ ఇస్తున్నాను. బకుడి కథ ఆధారం.

పెట్టెలో: “తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది. వెనక ఏదో మెత్తగా అడ్డుతగులుతున్నది. లోపలి నుండి ఉడికిన అన్నం వాసన. సందులోంచి చూస్తే గోడ పొడుగునా బండిచక్రాలు ఆనించి ఉన్నాయి. అన్నీ ఒకే కొలతవి. చీకట్లోంచి ఒక గొంతు ‘ఇవాళ ఇంత ఆలస్యమైందేం?’ అని అడిగింది. ఆ మాటతోపాటు మీ చేతికింద తలుపు కదిలింది.”

పెట్టె బయట, సూత్రధారికి: “వీడికి కావలసింది వేళకు తిండి. తిండి తెచ్చినవారితో మొదట మాట్లాడతాడు, తరువాత తింటాడు. తింటున్నంతసేపు వీపు తిప్పి కూర్చుంటాడు. తినేటప్పుడు ఎవరైనా తనను లెక్కచేయకపోతే కోపం పట్టలేడు. ఈ ఊరివాళ్ళతో ఒప్పందం చేసుకున్నదెవరో వీడికి తెలుసు, అడిగితే చెబుతాడు.”

కోర లేదు, గోరు లేదు, ‘భయంకర’ లేదు. పిల్లలకు ఇది చదివి వినిపిస్తే ముందు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒకడు నెమ్మదిగా ‘ఆ చక్రాల బండ్లు తోలినవాళ్ళేమయ్యారు?’ అన్నాడు. ఇంకొకడు ‘వచ్చాం బాబూ, ఎడ్లు మొరాయించాయి’ అని రాక్షసుడికే సమాధానం చెప్పాడు. ఇంతకన్న విమర్శకులు నాకక్కరలేదు.

కనుక కథలు రాసే మిత్రులకు, ఆటలు అల్లే యువకులకు, అనువాదాలు చేసేవారికి నా విన్నపం. మీ రాతలో ‘భయంకరమైన’, ‘వికృతమైన’, ‘వర్ణనాతీతమైన’ అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి కొట్టివేయండి. కొట్టివేశాక అక్కడ ఏమైనా మిగిలిందా చూడండి. మిగిలితే మీ దగ్గర రాక్షసుడున్నాడు. మిగలకపోతే ఇన్నాళ్ళూ మీ దగ్గర ఉన్నది ఒక విశేషణం మాత్రమే. నాతో విభేదించేవారు నిర్మొహమాటంగా వ్యాఖ్యానించండి. పులితలను సమర్థించేవారు మాత్రం ముందు మారీచుడికి సమాధానం చెప్పి రావాలి.